ఇంటి ముందు నీడకు ఏ చెట్టు నాటాలి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కొత్త ఇంటి ముందు ఖాళీ స్థలంలో నీడ కోసం ఏ మొక్క నాటితే బాగుంటుందని అడిగావు. ఒక పేరు చెప్పి ఊరుకోవడం తేలికే గానీ, దానివల్ల నీకు మేలు జరగదు. ఒక ఇంటికి హాయినిచ్చిన చెట్టునే, చోటు చాలని మరో ఇంటివారు ఏపుగా ఎదిగిన వయసులో నరికించుకోవలసి వస్తుంది. అందుచేత ముందు చోటును తేల్చుకుని, ఆ తరువాతే చెట్టును ఎంచుకోమని కోరుతున్నాను.

అన్నిటికన్నా ముందు ఎండ వచ్చే దిక్కు చూడాలి. నడినెత్తిన ఉన్న ఎండను పైకప్పు, చూరు చాలావరకు ఆపుతాయి గానీ, మధ్యాహ్నం 3 గంటల తరువాత పడమటి నుంచి ఏటవాలుగా గోడల మీద, కిటికీల మీద పడే ఎండను అవి ఆపలేవు. గోడ ఆ వేడినంతా పీల్చుకుని, పొద్దుపోయాక గదుల్లోకి వదులుతుంది. కనుక నీ ఇంటి ముంగిలి పడమటి వైపు ఉంటే దట్టమైన నీడనిచ్చే చెట్టు కావాలి; తూర్పు వైపు ఉంటే పలుచని ఆకుల చెట్టయినా సరిపోతుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన, చలి గట్టిగా ఉండే చోట దక్షిణపు ముంగిలి అయితే, చలికాలంలో ఆకు రాల్చే చెట్టే మంచిది, ఎందుకంటే ఆ రోజుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, ఆ ఎండ ఇంట్లోకి రావడం అవసరం. వేసవిలో ఒక సాయంత్రం ముంగిట్లో నిలబడి, ఎండ ఏ గోడ మీద ఎంతసేపు ఉంటున్నదో స్వయంగా చూడు.

తరువాత చూడవలసింది జాగా. నర్సరీలో మోకాలెత్తున కనిపించే వేప గానీ కానుగ గానీ 15 మీటర్ల ఎత్తు దాటగలదు, దాని కొమ్మలు 10 మీటర్లకు పైగా పరచుకోగలవు. మొక్క నాటదలచిన చోట ఒక కర్ర పాతి, దానికి 5 మీటర్ల తాడు కట్టి చుట్టూ తిరిగి గీత గీయి. ఆ గీత గోడను దాటి లోపలికి వస్తున్నా, కరెంటు తీగల కిందికి పోతున్నా, ఆ చోటు పెద్ద చెట్టుకు తగినది కాదు. తీగల కింద నాటిన చెట్టును ఏటా తల నరకక తప్పదు, అలా నరికిన చోట పుట్టే కొత్త కొమ్మలకు పట్టు తక్కువ. పెద్ద చెట్టుకూ గోడకూ మధ్య కనీసం 6 మీటర్లు, చిన్న చెట్టుకు 3 మీటర్లయినా ఉండాలన్నది నేను పాటించే లెక్క.

వేళ్ల విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. వేళ్లన్నీ నిలువునా లోతుకు దిగిపోతాయనుకుంటారు. నిజానికి నీటిని, పోషకాలను తీసుకునే వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న అర మీటరు మట్టిలోనే ఉండి, కొమ్మల అంచును దాటి చాలా దూరం పాకుతాయి. గట్టిగా ఉన్న పైపును అవి పగలగొట్టడం అరుదు, చెమ్మ ఊరే అతుకు దొరికితే మాత్రం అందులోకి దూరుతాయి. కాబట్టి డ్రైనేజీ పైపు ఎటు పోతున్నదో తెలుసుకోకుండా గుంట తవ్వించకు.

ఇంటి ముందు మర్రి, రావి, జువ్వి వద్దని ఖచ్చితంగా చెబుతాను. వాటి వేళ్లు గోడలను, గచ్చును లేపేస్తాయి. తురాయి పూసినప్పుడు కన్నుల పండుగే గానీ, దాని కొమ్మలు పెళుసు, పెద్ద గాలికి విరిగిపడతాయి. నిద్రగన్నేరుకు మైదానం కావాలి. అశోకమని అమ్మే, నిలువుగా స్తంభంలా పెరిగే నరమామిడి అందంగా ఉంటుంది, నీడ మాత్రం ఇవ్వదు. త్వరగా పెరుగుతుందన్న ఒక్క కారణంతో ఏ మొక్కనూ తీసుకోకు, తొందరగా ఎదిగే చెట్లలో చాలావాటి కర్ర బలహీనం.

జాగా ఉండి, నేల పొడిగా ఉండి, నీరు నిలవకపోతే వేపను మించినది లేదు. నీరు అప్పుడప్పుడు నిలిచే నేలకు, కొంత ఉప్పదనం ఉన్న నేలకు కానుగ తగినది. ఆకు రాల్చినా త్వరలోనే కొత్త చిగురు వేసి నిండుగా నీడ పరుస్తుంది. ఇక నన్ను ఒక్కటే ఎంచమంటే పొగడను ఎంచుతాను. నెమ్మదిగా పెరుగుతుంది, అది నిజమే, అయినా ఏడాది పొడవునా ఆకు నిలుపుకుంటూ, గుండ్రని దట్టమైన తలతో, సువాసన గల చిన్న పూలతో వాకిలికి ఎంతో తగినట్టుగా ఉంటుంది. మధ్యరకం ముంగిలికి అదే నా సలహా.

మొక్క కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోవద్దు. సంచిలో వేళ్లు చుట్టలు చుట్టుకుపోయిన పెద్ద మొక్క కన్నా, ఒకే నిటారు కాండం ఉన్న చిన్న మొక్క త్వరగా నిలదొక్కుకుంటుంది. గుంట వేళ్ల ముద్ద ఎంత ఎత్తుంటే అంతే లోతు, దానికి రెండు మూడింతల వెడల్పు ఉండాలి. కాండం మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. చుట్టూ ఎండుటాకులు పరిచినా కాండానికి తగలనీయకు. మొదలు చుట్టూ సిమెంటు చేయించవద్దు, వాన నీరు ఇంకే చోటు వదిలిపెట్టు. మొదటి రెండు మూడు వేసవులు రోజూ కాసిన్ని నీళ్లు చల్లడం కన్నా, కొన్ని రోజులకొకసారి వేళ్ల లోతు దాకా తడిసేలా పోయడం మంచిది.

ముంగిలి కొలతలు, అది ఏ దిక్కుకు ఉన్నదీ, నేల ఎర్రదో నల్లదో రాసి పంపు. నల్లరేగడి అయితే తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, చెట్టు వేళ్లు నీరు లాగినకొద్దీ ఆ కుంగుడు పునాది మీద పడుతుంది గనుక, నేను పైన చెప్పిన దూరాలను ఇంకా పెంచవలసి ఉంటుంది.

ఇట్లు,
నీ మేనమామ