డాలస్‌కి మిక్సీ సర్దే ముందు

చి.ల.సౌ. చిట్టికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్‌లో నీ సామాన్ల లిస్టు చదివి వినిపించింది. మిక్సీ, వెట్ గ్రైండర్, ఇస్త్రీ పెట్టె, దేవుడి మందిరానికి సీరియల్ లైట్లు, రెండు ఎక్స్‌టెన్షన్ బాక్సులు. ఊరగాయల సంగతి ఆవిడ చూసుకుంటుంది గానీ కరెంటు వస్తువుల సంగతి నేను చెప్పాల్సిందే. మోటార్లు వైండింగ్ చేసే షాపులోనే నా జీవితం గడిచింది. సంక్రాంతికి పిల్లలు అమెరికా నుంచి దిగారంటే చాలు, ఇక్కడి ప్లగ్గులో పెట్టి మాడ్చేసిన బ్లెండర్లు, కాఫీ మెషీన్లు నా బల్ల మీదికి వస్తాయి. విప్పగానే కాలిన వార్నిష్ వాసన, నల్లగా మాడిన తీగ. కొత్త వస్తువు అలా పోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకో. ప్లగ్గు సాకెట్‌లో దూరినంత మాత్రాన కరెంటు సరిపోయినట్టు కాదు. ఎయిర్‌పోర్టులో అమ్మే అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజిని మార్చదు. మన ఇంట్లో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నువ్వు వెళ్లే చోట 120 వోల్టులు, 60 హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క.

మీ మిక్సీని ఒకసారి బోర్లించి చూడు. అడుగున చిన్న లేబుల్ మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 750 వాట్లు అని ఉంటుంది. పక్కనే ఎన్ని నిమిషాలు ఆడించవచ్చో కూడా రాస్తారు. దాన్ని అక్కడ నేరుగా పెడితే వెంటనే కాలదు, తిరుగుతుంది. అదే మోసం. వోల్టేజి సగమే కాబట్టి బలం ఉండదు. కొబ్బరి చట్నీకి ఆగి ఆగి తిరుగుతుంది, మినప్పప్పు వేస్తే బిగుసుకుపోతుంది. బిగుసుకున్న మోటార్‌ని అలాగే నొక్కి పట్టుకుంటే వైండింగ్ వేడెక్కి పోతుంది.

వోల్టేజిని పెంచే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు. అయితే 750 వాట్ల మిక్సీకి 750 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ చాలదు. మోటార్ మొదలయ్యేటప్పుడు చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి కనీసం 1500 వాట్లది కావాలి. అది ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి, వంటగది గట్టు మీద సగం చోటు అదే ఆక్రమిస్తుంది. పైగా ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని పెంచుతుంది గానీ 60 హెర్ట్జ్‌ని 50 చేయలేదు. మిక్సీలో ఉండేది బ్రష్‌ల మోటార్ కాబట్టి దానికి హెర్ట్జ్‌తో ఇబ్బంది లేదు. నా మాట వింటే ఇంత తంటా వద్దు. మన కంపెనీలే అమెరికా కరెంటుకి సరిపోయేలా 110 వోల్టుల మిక్సీలు చేస్తున్నాయి. అదే మోడల్, అవే జార్లు. ఇక్కడే అడిగి కొనుక్కో, లేదా అక్కడ ఇండియన్ స్టోర్లో తీసుకో.

వెట్ గ్రైండర్ మాత్రం అస్సలు వద్దు. దానిది ఇండక్షన్ మోటార్, హెర్ట్జ్‌ని బట్టి తిరుగుతుంది. 120 మీద పెడితే గుయ్యిమంటూ నిలబడిపోతుంది, ఆ నిలబడటంలోనే కాలుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే నిమిషానికి 1440 చుట్లు తిరగాల్సిన మోటార్ 1700 పైన తిరుగుతుంది. రాళ్లు వేగం పెంచుకుంటే పిండి వేడెక్కుతుంది, వేడెక్కిన పిండితో ఇడ్లీ ఎలా వస్తుందో నీకు తెలుసు. సీలింగ్ ఫ్యాన్ మోటార్‌దీ ఇదే జాతి.

ఇస్త్రీ పెట్టె లెక్క వేరు. కాయిల్‌తో వేడి పుట్టించే వస్తువుకి వోల్టేజి సగమైతే వేడి సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. మన 1000 వాట్ల పెట్టె అక్కడ 270 వాట్లే ఇస్తుంది, కాటన్ చీర మడత కూడా పోదు. తిరుగు ప్రయాణంలో ఇదే లెక్క తలకిందులవుతుంది. అక్కడ కొన్న 1200 వాట్ల హెయిర్ డ్రయ్యర్‌ని ఇక్కడ పెడితే 4400 వాట్లు లాగబోతుంది. ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే బ్రేకర్ స్విచ్) పడితే అదృష్టం, లేకపోతే చేతిలోనే మంట. అందుకే అక్కడి హెయిర్ డ్రయ్యర్ అక్కడే వదిలేసి రా. సీరియల్ లైట్లు కూడా అక్కడివే కొనుక్కో, మనవి మిణుకుమనడం కూడా కష్టం.

నిశ్చింతగా తీసుకెళ్లగలిగేవి ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లు. వాటి మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఏ దేశంలోనైనా పనిచేస్తాయి. ల్యాప్‌టాప్ చార్జర్‌కి మాత్రం రెండు పిన్నుల అడాప్టర్ వాడకు. ఎర్తింగ్ పోతుంది, మెటల్ బాడీ అయితే ముట్టుకున్నప్పుడల్లా చెయ్యి జిల్లుమంటుంది. ఇటుక లాంటి చార్జర్‌కి గుచ్చే తీగ ఊడి వస్తుంది కదా, అమెరికా పిన్నులున్న మూడు పిన్నుల తీగ ఒక్కటి కొనుక్కుంటే సరిపోతుంది.

ఒక్కో దేశంలో ఒక్కోలా ఎందుకు అని నువ్వు చిన్నప్పుడే అడిగేదానివి. న్యూయార్క్‌లో 1882లో ఎడిసన్ కరెంటు స్టేషన్ మొదలుపెట్టినప్పుడు ఆ రోజుల బల్బులకి తగ్గట్టు 110 వోల్టుల దగ్గర పెట్టాడు. వోల్టేజి రెట్టింపు చేస్తే అదే పనికి సగం ఆంపియర్లు చాలు, తీగలో రాగి మిగులుతుంది. యూరప్ ఆ దారి పట్టింది. అమెరికాలో అప్పటికే ఇంటింటా పాత వోల్టేజి సామాన్లు చేరిపోయాయి. జపాన్ కథ ఇంకా విచిత్రం. టోక్యో వాళ్లు జర్మనీ నుంచి జనరేటర్లు తెచ్చుకున్నారు, ఒసాకా వాళ్లు అమెరికా నుంచి. అందుకే నేటికీ ఒకే దేశంలో తూర్పున 50, పడమట 60 హెర్ట్జ్. 2011 భూకంపం తర్వాత తూర్పున కరెంటు కరువైతే, పడమట ఉన్నదాన్ని కావలసినంత పంపలేకపోయారు. ఒకప్పటి కొనుగోలు ఇన్నేళ్ల తర్వాత అంత పెద్ద ఇక్కట్టు తెస్తుందని ఎవరనుకుంటారు!

అసలు జాగ్రత్త ఇప్పుడు చెబుతున్నాను. అక్కడ ఎవరో ఒకరు, "బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ సాకెట్‌లో 240 ఉంది, మన మిక్సీ అందులో పెట్టేయొచ్చు" అంటారు. 240 ఉన్న మాట నిజమే. ఇంటికి రెండు ఫేజులు వస్తాయి, ఒక్కోటీ న్యూట్రల్‌కి 120, రెంటి మధ్య 240. కానీ మన మిక్సీ స్విచ్ ఒక్క తీగనే తెంచుతుంది. రెండో తీగ కూడా ఫేజే అయినప్పుడు స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది. పైగా ఆ లైన్ బ్రేకర్ సాధారణంగా 30 ఆంపియర్లది, నీ మిక్సీ మాడి మసైనా అది పడకపోవచ్చు. అల్లుడుగారు సరదాపడినా సరే, ఆ పని చేయనివ్వకు.

అక్కడి సాకెట్ల పక్కన మనలా స్విచ్‌లు ఉండవు, పిన్ను గుచ్చగానే కరెంటే. లైటు స్విచ్ పైకి నొక్కితే వెలుగుతుంది, మనకి కిందికి. వంటగదిలో, బాత్రూమ్‌లో సాకెట్ మధ్య రెండు చిన్న బటన్లుంటాయి, టెస్ట్, రీసెట్ అని. తడి చేత్తో షాక్ తగలబోతే అది రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. సాకెట్ పనిచేయట్లేదని టెన్షన్ పడకుండా ముందు రీసెట్ నొక్కు. మళ్లీ మళ్లీ పడుతుంటే మాత్రం తప్పు వస్తువులో ఉన్నట్టు, దాన్ని పక్కన పెట్టెయ్. ప్యానెల్‌లో బ్రేకర్ పడితే మధ్యలో ఆగుతుంది. పూర్తిగా ఆఫ్ వైపు నెట్టి, ఆ తర్వాతే ఆన్ చెయ్యాలి.

దారిలో దుబాయ్‌లో ఆగుతారన్నావు. అక్కడ 230, 50 మనలాగే. పిన్నులు మాత్రం బ్రిటన్ తరహా పలక పిన్నులు, చార్జర్‌కి అడాప్టర్ ఒక్కటి హ్యాండ్ బ్యాగులో ఉంచుకో.

పెట్టెలు కట్టే ముందు ఒక్కో వస్తువు లేబుల్ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. అక్షరాలు చదవగలిగేలా దగ్గరగా తియ్యి. ఏది ఉంచాలో, ఏది తియ్యాలో రాత్రికల్లా చెబుతాను. గ్రైండర్ సంగతి మీ అమ్మకి నేనే ఫోన్ చేసి నచ్చచెబుతాను.

నీ పెదనాన్న