1945లో జపాన్‌ని చుట్టుముట్టి కూర్చుంటే సరిపోయేదా?

రెండో ప్రపంచయుద్ధం ముగించడానికి దండయాత్రా వద్దు, అణుబాంబూ వద్దు, ఓడలు రానివ్వకుండా కాపలా కాస్తే జపానే లొంగేది కదా అని మీరు అడిగారు. అప్పట్లో అమెరికా నేవీ పెద్దలు లీహీ, కింగ్ కూడా దిగ్బంధం వైపే మొగ్గారు, కాబట్టి తీసిపారేసే మాట కాదు. కానీ అది దయగల దారి అంటే మాత్రం నేనొప్పుకోను.

మా నాయనమ్మ మలయాలో (ఇప్పటి మలేసియాలో) రబ్బరు ఎస్టేట్‌లో పెరిగింది. జపాన్ వాళ్ళొచ్చాక వాళ్ళ నాన్నని సయాం రైలు పనికి, అంటే సయాం (థాయ్‌లాండ్) నుంచి బర్మాకి జపాన్ వాళ్ళు వేయించిన రైలు దారి పనికి పట్టుకుపోయారు, మళ్ళీ రాలేదు. తర్వాతెప్పుడో చెన్నైలోని పెరంబూరు వచ్చి స్థిరపడ్డారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర మా బావ అచ్చం మీలాగే, ఇంకో ఆర్నెల్లు ఆగుంటే పోయేదేముంది అని గట్టిగా వాదిస్తున్నాడు. మజ్జిగ పోస్తున్న నాయనమ్మ గిన్నె కింద పెట్టి, "ఆ ఆర్నెల్లూ ఎవరు పస్తుండాల్రా? బియ్యం పటాలానికి పోయేవి, మాకు కర్రపెండలం కూడా కడుపునిండా లేదు" అంది. బావ ఇంక నోరెత్తలేదు.

నా వాదన కూడా అదే. తిండి ఆపితే ముందు పోయేది పిల్లలు, ముసలోళ్ళు, సైన్యం కాదు. పైగా యుద్ధం సాగినన్నాళ్ళూ చైనాలో, జావాలో, మలయాలో జనం చస్తూనే ఉన్నారు, వియత్నాంలో 1945 కరువుకే లక్షలమంది పోయారు, వీళ్ళనెవరూ లెక్కేయరు. మన స్కూలు పుస్తకాల్లో రెండు బాంబులతో పాఠం అయిపోతుంది. ఇక్కడ నందంబాక్కం వార్ సిమెట్రీలో సైనికులకి పేర్లు చెక్కిన రాళ్ళున్నాయి, మంచిదే, సయాం రైలు కింద పోయిన మన కూలీల్లో చాలామందికి పేరు రాసిన కాగితం కూడా లేదు.

అలాగని దండయాత్ర మేలనట్లేదు. జపాన్ దీవి ఒకినావా మీద జరిగిన యుద్ధంలో అమెరికా వాళ్ళే 12 వేలమంది పైన పోయారు, మామూలు జనం దాదాపు లక్ష, అనుకున్నట్టు నవంబర్ 1న జపాన్ ప్రధాన దీవుల్లో ఒకటైన క్యుషు మీద దిగుంటే ఇంకెంత ఘోరమో. నన్నడిగితే, జపాన్‌ని లొంగిపొమ్మన్న జులై 26 పోట్స్‌డామ్ ప్రకటనలోనే చక్రవర్తిని ఉంచుతామని తేల్చి చెప్పేసి, స్టాలిన్ సంతకం కూడా పెట్టించుంటే సగం గొడవ అప్పుడే తీరేది. అప్పటికింకా సోవియట్‌లు జపాన్ మీద యుద్ధంలోకి దిగలేదు కాబట్టి టోక్యో వాళ్ళు మాస్కో ద్వారా రాజీ కుదురుతుందేమోనని ఎదురుచూస్తున్నారు, ఆగస్టు 9న సోవియట్ సైన్యం జపాన్ చేతిలో ఉన్న మంచూరియాలో దిగాక ఆ ఆశా పోయింది. చివరికి చక్రవర్తిని ఉంచారు కూడా, ఆ మాటేదో ముందే అనాల్సింది.

మలయా మీద బ్రిటిష్ వాళ్ళ దండయాత్ర కూడా రెడీగా ఉండింది, ఆపరేషన్ జిప్పర్. లొంగుబాటు అయిపోయాక సెప్టెంబర్ 9న మోరిబ్ తీరంలో దిగితే, ఎదురు కాల్పులు లేకపోయినా బళ్ళు బురదలో కూరుకుపోయాయి. అదే కాల్పుల మధ్య దిగాల్సొస్తే ఆ చుట్టుపక్కల ఎస్టేట్లలో ఉన్న మనవాళ్ళ గతేంటి?