ముందు బీరువాలో దాచిన గ్లవ్స్ తీయండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తున్నాను. మా పెద్దోడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, 98 కిలోల బరువు. హెవీవెయిట్ బాక్సర్ అవుతానని పట్టుబట్టాడు. హైదరాబాద్‌లో ఒక అకాడమీ వాళ్లు మూడున్నర లక్షలు కడితే రెండేళ్లలో ప్రొఫెషనల్‌ని చేస్తామన్నారు. పదివేలు అడ్వాన్స్ ఇచ్చాను. నేనూ ఒకప్పుడు కేబుల్ టీవీలో టైసన్‌ని చూసినవాణ్నే. కానీ ఇప్పుడు ఆ ఆటను ఎవరు చూస్తున్నారు సార్? ఫస్టియర్ మాథ్స్ 1బి తప్పాడు. గ్లవ్స్ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంజినీరింగ్, బాక్సింగ్ పోల్చి వాడికి బుద్ధి వచ్చేలా చెప్పండి.

జవాబు: అన్నా, ఈ ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది. ఒకరు క్రికెట్ అంటారు, ఒకరు కబడ్డీ అంటారు, ఈ మధ్య యూట్యూబ్ అంటున్నారు. సూర్యాపేట నుంచి వచ్చినా, జడ్చర్ల నుంచి వచ్చినా లోపలున్న భయం మాత్రం ఒకటే. పిల్లవాడు చేతికి అందకుండా పోతాడేమో, నలుగురిలో తలెత్తుకోలేమేమో అని. మీ టెన్షన్ కూడా అదే. బాక్సింగ్‌ను ఎవరూ చూడకపోవడం మీ అసలు బాధ కాదు. అయినా అడిగారు కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను. అందులో మీ మాట చాలావరకు నిజం.

1971 మార్చి 8న న్యూయార్క్‌లో హెవీవెయిట్ బాక్సర్లు మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ తలపడ్డప్పుడు ఒక్కొక్కరికి 25 లక్షల డాలర్లు ఇచ్చారు. అప్పట్లో హెవీవెయిట్ చాంపియన్ ఎవరంటే బాక్సింగ్ తెలియనివాళ్లు కూడా పేరు చెప్పేవాళ్లు. 1986లో 20 ఏళ్లకే చాంపియన్ అయిన టైసన్ దాకా అది సాగింది. ఇప్పుడు మీ మిల్లులో పదిమందిని అడిగి చూడండి, చాంపియన్ పేరు ఒక్కరైనా చెబుతారేమో. ఉసిక్ అని యుక్రెయిన్ మనిషి. 2024 మేలో రియాద్‌లో ఫ్యూరీని ఓడించి నాలుగు చాంపియన్ బెల్టులూ కట్టుకున్నాడు. హెవీవెయిట్‌లో ఏకైక చాంపియన్ అని చెప్పుకోగల మనిషి 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత మళ్లీ అప్పుడే దొరికాడు. దాదాపు పాతికేళ్లు! ఒక ఆటకు ఇంతకాలం ఒక్క రాజు లేకపోతే చూసేవాళ్లు ఎవరిని పట్టుకుని ఉంటారు?

దీనికి కారణాలు బయటి నుంచి వచ్చినవి తక్కువ, ఆట నడిపేవాళ్లు చేసుకున్నవే ఎక్కువ. నాలుగు సంస్థలు నాలుగు బెల్టులు పెట్టుకున్నాయి. ఒక ప్రమోటర్, అంటే పోటీలు ఏర్పాటు చేసే వ్యాపారి, దగ్గరున్న బాక్సర్‌ని ఇంకో ప్రమోటర్ బాక్సర్‌తో కలపాలంటే ఏళ్లకేళ్లు బేరాలు. జనం చూడాలనుకున్న పోటీ జరిగేసరికి ఇద్దరికీ వయసు మీద పడుతుంది. దానికితోడు మంచి పోటీలన్నీ విడిగా డబ్బు కట్టి చూడాల్సిన టీవీకి మార్చేశారు. ఆ పూట లాభం బాగానే వచ్చింది. కానీ ఇంట్లో నాన్న పక్కన కూర్చుని ఉచితంగా చూసి అభిమాని అయ్యే పిల్లవాడు తయారు కాలేదు. మీరు టైసన్ అభిమాని ఎలా అయ్యారో ఒకసారి గుర్తు చేసుకోండి. 1973లో ఫోర్‌మన్, ఫ్రేజియర్ పోటీతో బాక్సింగ్ చూపించడం మొదలుపెట్టిన అమెరికా టీవీ చానల్ హెచ్‌బీఓ 2018లో దాన్ని వదిలేసింది. షోటైమ్ అనే ఇంకో చానల్ 2023లో వదిలేసింది. అమెరికాలో ఒడ్డూ పొడవూ ఉన్న కుర్రాళ్లు అమెరికన్ ఫుట్‌బాల్‌కి, బాస్కెట్‌బాల్‌కి వెళ్లిపోయారు. అక్కడ కాలేజీ ఫీజు దొరుకుతుంది. కొట్లాట చూడాలనుకునే కుర్రకారు ఎంఎంఏ వైపు, అంటే బాక్సింగ్, కుస్తీ లాంటివన్నీ కలిపిన పోటీల వైపు మళ్లింది.

ఆట చచ్చిపోయిందని మాత్రం అనను. 2017 ఏప్రిల్‌లో జాషువా, క్లిచ్‌కో పోటీకి లండన్ వెంబ్లీ స్టేడియంలో 90 వేల మంది కూర్చున్నారు. కానీ 2024 నవంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో కోట్ల మంది చూసిన పోటీ ఏది? 58 ఏళ్ల టైసన్ ఒక యూట్యూబ్ కుర్రాడితో ఆడినది. జనం కొత్త హెవీవెయిట్ కోసం రాలేదు, ముప్పై ఏళ్ల కిందటి పేరు కోసం వచ్చారు. నాకు దిగులు పుట్టించేది ఇదే. పైన నలుగురైదుగురికి కోట్లు, కింద మిగతావాళ్లకు జిమ్ ఫీజు కూడా కష్టం. మధ్యలో మెట్లు లేవు.

అందుకే ఆ అకాడమీ మాట నాకు అసలు నచ్చలేదు. రెండేళ్లలో ప్రొఫెషనల్‌ని చేయడం ఏమంత కష్టం కాదు, లైసెన్స్ తీసి రింగ్‌లోకి తోస్తే ప్రొఫెషనలే. తర్వాత ఎవరితో ఆడతాడు? మన దేశంలో 98 కిలోల కుర్రాడికి సరిజోడు దొరకడమే గగనం. ఎవరు టికెట్ కొంటారు? దెబ్బ తగిలితే ఆసుపత్రి బిల్లు ఎవరిది? మీరు ఈ మూడూ అడిగారా? పైగా తెలిసీ తెలియని వయసులో పెద్ద బరువువాళ్ల చేతి దెబ్బలు తలకు తగలడం చిన్న విషయం కాదు. అలీకి 1984లో పార్కిన్సన్స్ జబ్బు ఉందని తేల్చారు, అప్పటికి ఆయన వయసు 42 ఏళ్లు. మిల్లులో కొత్త మోటారు కొనేముందు నాలుగు కొటేషన్లు తెప్పిస్తారు కదా. కొడుకు తలకాయ విషయంలో ఒక్క ఫోన్ కాల్‌కే అడ్వాన్స్ ఎలా ఇచ్చారన్నా? ఆ పదివేలు తిరిగి అడగండి. ఇవ్వకపోతే పోయాయనుకోండి కానీ, మిగతాది కట్టకండి.

ఇక మీ వాడి సంగతి. పోయిన నెల మీరిద్దరూ క్లాక్ టవర్ దగ్గర మా ఆఫీసుకు వచ్చారు. మీరు మార్కులు, ఫీజులు, మీ తమ్ముడి కొడుక్కి వచ్చిన సీటు గురించి ముప్పావుగంట చెప్పారు. ఆ ముప్పావుగంటలో నేను మీ వాడి చేతులు చూస్తూ కూర్చున్నాను. గ్లవ్స్ మీరు దాచేశారు కానీ చేతికి చుట్టుకునే పట్టీ వాడి జేబులోనే ఉంది. దాన్ని తీసి బొటనవేలికి ఉచ్చు తగిలించాడు. మణికట్టు చుట్టూ మూడు చుట్లు, పిడికిలి మీద మూడు చుట్లు, తర్వాత ఒక్కో వేలి సందులోంచి లాగి మళ్లీ మణికట్టుకు. ఒక చుట్టు వదులైందని మొత్తం విప్పి మొదటి నుంచి చుట్టాడు. ఎవరు నేర్పారని అడిగితే, కాలేజీ పీఈటీ సారు రెండుసార్లు చూపించారట, మిగతాది ఫోన్‌లో చూసి నేర్చుకున్నాడట. పొద్దున నాలుగున్నరకు లేచి కాలువ గట్టు మీద పరుగెడతానన్నాడు. ఆ సంగతి మీకు తెలియదని మీ మొహం చూస్తేనే అర్థమైంది.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అంటాను. వాడు పొద్దున్నే లేస్తున్నాడని తెలియని మీరు, వాడు సోమరి అయిపోయాడని నాతో రెండుసార్లు అన్నారు. టైసన్ కథలు చెప్పి పెంచింది మీరు. ఇప్పుడు వాడు దాన్ని నిజంగా నమ్మితే తాళం వేస్తున్నారు. తాళం వేస్తే మాథ్స్ వస్తుందా? తమ్ముడి కొడుకుతో పోలిస్తే వస్తుందా? చెడు అలవాట్ల జోలికి పోకుండా రోజూ ఒళ్లు అలిసేదాకా కష్టపడుతున్న పిల్లవాణ్ని చూసి చేయి జారిపోయాడని ఏడవడం నాకు బాధగా ఉంది.

ఆట మీద ఇంత ఇష్టం ఉన్నవాడికి దారి అమెరికాలో వెతకనక్కర్లేదు. మన నిజామాబాద్ చూడండి. నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్. తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం వచ్చింది. అదే ఊరి హుసాముద్దీన్ కామన్వెల్త్ పతకాలు తెచ్చాడు, ఆర్మీలో ఉన్నాడు. ఇద్దరినీ మొదట రింగ్‌లో నిలబెట్టింది తండ్రులే. అయితే ఇద్దరూ తక్కువ బరువువాళ్లు, ఆ తేడా దాచను. పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన మన ఆరుగురు బాక్సర్లలో హెవీవెయిట్ ఒక్కరూ లేరు. దానికన్నా పై బరువు వర్గమైన సూపర్ హెవీవెయిట్‌లో మన దేశం నుంచి మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్లింది సతీశ్ కుమార్, టోక్యోకి. ముఖం మీద 13 కుట్లతో క్వార్టర్ ఫైనల్ ఆడాడు. ఆయనా ఆర్మీ మనిషే. ఇంకా వెనక్కి వెళితే కౌర్ సింగ్. 1980లో ఢిల్లీలో అలీతో ప్రదర్శన పోటీ ఆడి, 1982 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచిన సైనికుడు. పద్మశ్రీ వచ్చింది. అంతటి మనిషి కూడా ముసలితనంలో వైద్యం ఖర్చులకు ఇబ్బంది పడ్డారు. అందుకే పతకంతో పాటు చేతిలో ఒక సర్టిఫికెట్ కూడా ఉండాలని నేను మీ వాడికి గట్టిగా చెబుతాను.

పోలిక అడిగారు కదా. మాథ్స్ అంటే భయపడే పిల్లవాణ్ని ఇంజినీరింగ్‌లో తోస్తే నాలుగేళ్ల తర్వాత బ్యాక్‌లాగ్స్‌తో ఇదే ఆఫీసుకు తీసుకొస్తారు. వాడికి ఇష్టముంటే వేరే మాట. నేనైతే ముందు ఇంటర్ పూర్తి చేయమంటాను, ఆ తర్వాత డిగ్రీ. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ కింద చదువుతూ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఆడవచ్చు. ఆర్మీ, రైల్వే, పోలీసు శాఖలు క్రీడాకారులను తీసుకుంటూనే ఉన్నాయి. పెద్ద బరువు వర్గంలో మన దగ్గర పోటీ తక్కువ. టీవీలో పేరు రావడానికి ఇది అడ్డమే కానీ, రాష్ట్ర జట్టులో చోటు దొరకడానికి మాత్రం పనికొస్తుంది. ఆట ముందుకు సాగకపోతే వ్యాయామ విద్యలో డిగ్రీ బీపీఈడీ చేసి పీఈటీ కావచ్చు, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేయవచ్చు. వాడికి పట్టీ కట్టడం మీద ఉన్న శ్రద్ధ చూస్తే నాకు ఫిజియోథెరపీ కూడా గుర్తొచ్చింది. దానికి బైపీసీ కావాలి, గ్రూపు మార్చాల్సి వస్తుంది. ఇప్పుడే ఆ మాట ఎత్తి వాడిని గాభరా పెట్టకండి.

వాడికి ఇంకా పదిహేడేళ్లే. ఒక్క పేపరు తప్పడం వల్ల ఏదీ మునిగిపోలేదు. మీరు భయపడ్డంత చెడిపోలేదు, అసలు చెడిపోనే లేదు. ఈ ఆదివారం బీరువా తాళం తీసి గ్లవ్స్ వాడి చేతిలో పెట్టండి. ఆ మర్నాడు నాలుగున్నరకు మీరూ లేచి కాలువ గట్టు దాకా వెళ్లండి. పరుగెత్తలేకపోతే బండి మీద వెనకాల వెళ్లినా సరే. వచ్చే నెల నా దగ్గరికి వచ్చేటప్పుడు వాణ్ని 1బి పుస్తకం తెచ్చుకోమనండి. ఏ చాప్టర్‌లో ఆగిపోయాడో ఇద్దరం కూర్చుని చూస్తాం.