అల్లుడు అన్నం తినకుండా ఎందుకు వెళ్లిపోయాడు?

మేడమ్, నా వయసు 31. పెళ్లయి ఎనిమిదేళ్లు, ఆరేళ్ల పాప. భీమవరంలో ఉంటాం. మేమిద్దరం ఆడపిల్లలమే, నేను పెద్దదాన్ని. మావారు పెళ్లి ఫొటోగ్రాఫర్. పెళ్లినాటికి ప్రైవేటు ఉద్యోగంలో ఉండేవారు. 2019లో అది మానేసి సొంత స్టూడియో పెట్టారు. మరుసటి ఏడాదే కరోనా. అప్పుడు మా నాన్నగారు లక్షన్నర సర్దారు, తర్వాత తీర్చేశాం. ఇప్పుడు సీజన్ వస్తే మనిషి ఇంట్లో ఉండరు. విశాఖ, హైదరాబాద్, బెంగళూరు, ఒక్కోసారి గోవా. నిరుడు ఖర్చులు పోను 7 లక్షల దాకా మిగిలాయి గానీ, ఒక నెల వస్తే రెండు నెలలు రావు. అర్ధరాత్రి పెళ్లికూతుళ్ల మెసేజ్‌లు. అడిగితే ‘ఫొటోల సెలెక్షన్’ అంటారు. ఫోన్ చూశాను, తప్పుగా ఏమీ కనబడలేదు. అయినా మనసు ఊరుకోవడం లేదు. ఈ సంక్రాంతికి మా చెల్లెలూ మరిదీ మొదటి పండగకి వచ్చారు. మావారు మాత్రం బెంగళూరులో పెళ్లి ఉందని రాలేదు. తీరా చూస్తే ఏ పెళ్లీ లేదు, నాలుగు రోజులూ స్టూడియోలోనే ఉన్నారట. నిరుడు వైశాఖంలో చెల్లెలి పెళ్లికి, ఇంట్లో ఫొటోగ్రాఫర్ ఉండగా బయటివాళ్లెందుకని నాన్నగారు ఆయనకే అప్పజెప్పారు. మూడు రోజులు తీసి, చివరిరోజు భోజనం కూడా చేయకుండా కెమెరాలు సర్దుకుని వెళ్లిపోయి నాన్నగారిని పదిమందిలో అవమానించారు. ఆ ఆల్బమ్ ఇంతవరకూ ఇవ్వలేదు. నాన్నగారి స్నేహితుడు ఏలూరులో ఒక ఫైనాన్స్ ఆఫీసులో 25 వేల జీతంతో ఉద్యోగం ఇప్పిస్తానన్నారు. ఆయన ససేమిరా అన్నారు. పాపని తీసుకుని నెలరోజులుగా పుట్టింట్లో ఉన్నాను. ఆయనకి వేరే సంబంధం ఉందేమో తెలుసుకోవడం ఎలా? ఈ వృత్తి మాన్పించడం ఎలా?
పేరు వద్దు, భీమవరం

అమ్మా, మీరడిగిన రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. వేరే సంబంధం ఉందనడానికి మీ ఉత్తరంలో ఒక్క ఆధారం కూడా లేదు. వృత్తి మాన్పించే ఆలోచన మానుకోండి. నన్ను కలవరపెట్టింది ఆ రెండూ కావు. మీ భర్త మీ ఇంటి పెళ్లిలో అన్నం ముట్టకుండా వెళ్లిపోయారన్న సంగతి. దాన్ని మీరు ఆయన మీద ఫిర్యాదుగా రాశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

ముందు ఆ మెసేజ్‌ల సంగతి తేల్చేద్దాం. ఈ రోజుల్లో ఒక పెళ్లికి వేలకొద్దీ ఫొటోలు తీస్తారు. హల్దీ, సంగీత్, పెళ్లి, రిసెప్షన్, అన్నీ కలిపి పెళ్లివారికి పంపితే అందులోంచి ఆల్బమ్‌కు కావలసినవి ఏరుకోవాలి. ఆ పని సాధారణంగా పెళ్లికూతురి మీదే పడుతుంది. పగలంతా ఆఫీసు, కొత్త అత్తారిల్లు, ఇక ఆ పిల్లకు తీరిక దొరికేది రాత్రి పదకొండు దాటాకే. ‘అన్నా, మా పెద్దత్తగారి ఫొటో ఒక్కటీ పడలేదు, ఇంట్లో గొడవవుతోంది’ అనే మెసేజ్ అర్ధరాత్రి కాక ఎప్పుడొస్తుంది? ఫోన్ మీరే చూశారు, ఏమీ లేదని మీరే రాశారు. ఇంకోసారి చూడకండి.

ఇంకొక మాట. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి ఇంట్లోని మగవాళ్లు కూడా తలుపు తట్టే వెళతారు. అక్కడికి ఫొటోగ్రాఫర్‌ను రానిస్తున్నారంటే ఆ మనిషి నడవడిక మీద ఎంత నమ్మకం ఉండాలి? ఒక్క ఇంట్లో చెడ్డమాట వస్తే ఆ ఊళ్లో మరో బుకింగ్ రాదు. వెనకటి రోజుల్లో ఘోషా స్త్రీలు బయటి మగవాడి కెమెరా ముందు కూర్చునేవారు కాదు. అందుకే రాజా దీన్‌దయాళ్ అనే ఫొటోగ్రాఫర్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతిలో ఉంచారు. ఈనాడు మన ఇళ్లలో ఆ అడ్డుతెర అక్కర్లేకుండా పోయిందంటే, మీవారిలాంటి వాళ్లు ఏళ్ల తరబడి ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయడం వల్లే. ఆ దీన్‌దయాళ్ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్, రాజా బిరుదు ఆ నిజామే ఇచ్చాడు. ‘ఫొటోలు తీసుకునేవాడు’ అని మీ నాన్నగారు ఎప్పుడైనా తేలిగ్గా అని ఉంటే ఈ సంగతి ఆయనకూ చెప్పండి.

ఇక సంక్రాంతి అబద్ధం. సంక్రాంతి వచ్చేది పుష్యమాసంలో. పుష్యంలో ఎవరు పెళ్లి పెట్టుకుంటారమ్మా? ముహూర్తాల లెక్క మీవారికి కంఠతా వచ్చి ఉంటుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు, ఇవన్నీ చూసుకునే కదా ఆయన ఏడాది నడిచేది! ఎనిమిదేళ్లుగా పక్కనే ఉన్నారు కాబట్టి మీకూ తెలిసే ఉంటుంది. ఏదో దాచాలనుకున్న మనిషి ఇంత తేలిగ్గా దొరికిపోయే అబద్ధం ఆడడు. ‘నేను రాను, ఎందుకని అడగొద్దు’ అని నోటితో చెప్పలేక ఆ మాట అన్నారు. నాలుగు రోజులు ఎక్కడున్నారు? స్టూడియోలో. ఊరంతా పండగ చేసుకుంటుంటే ఒక మగవాడు తాళం వేసుకోవలసిన షాపులో ఒంటరిగా కూర్చున్నాడు. మీకు అందులో ఇంకో ఆడది కనిపించింది. నాకు మీ పుట్టిల్లు కనిపించింది.

ఆ పండగ ఎవరిది? కొత్తల్లుడి మొదటి పండగ. మీ జిల్లాలో ఆ మర్యాదలు ఎలా ఉంటాయో నేను చెప్పనక్కర్లేదు. వాటి నడుమ మీవారు ఏ స్థానంలో కూర్చోవాలి? అంతకుముందు మే నెలలో అదే ఇంట్లో, అదే కొత్తల్లుడి పెళ్లిలో ఆయన్ని ఏ స్థానంలో ఉంచారో గుర్తు చేసుకోండి.

కొడుకులు లేని ఇల్లు మీది. అలాంటి ఇంట్లో రెండో అమ్మాయి పెళ్లి జరిగితే పెద్దల్లుడే కొడుకులా నిలబడాలి. ఎదుర్కోలుకు ముందు నడిచేది ఎవరు? విడిదిలో మగపెళ్లివారికి కాఫీలు అందాయో లేదో చూసేది ఎవరు? మీ ఉత్తరంలో లేదు గానీ, ఆ చేతుల్లో కెమెరా ఉంది కాబట్టి మీవారు మాత్రం చేసి ఉండరు. ఆయన స్థానంలో ఏ బాబాయి కొడుకో, పెదనాన్న కొడుకో పట్టుబట్టలు కట్టుకుని తిరుగుతుంటే, ఆ ఫొటోలు తీస్తూ ఉండి ఉంటారు. పీటల దగ్గర ఆయనకు బట్టలు పెట్టారా? ‘అల్లుడుగారూ’ అని పిలిచారా, ‘ఏవయ్యా, ఇటొకటి తియ్యి’ అన్నారా? ముహూర్తం అయ్యాక మొదటి బంతిలో కూర్చోమని చేయి పట్టుకుని తీసుకెళ్లింది ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబులు నాకు తెలియవు. మీకు తెలుసు. మీరు అక్కడే ఉన్నారు.

ఆ పెళ్లి ఫొటోలకైన డబ్బు గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. మూడు రోజుల పెళ్లి ఒక్కడివల్ల కాదు. ఫొటోకు ఒకరు, వీడియోకు ఒకరు, డ్రోన్‌కు ఒకరు, లైట్లు పట్టుకోవడానికి ఓ కుర్రాడు. వాళ్లందరికీ రోజుకింత అని ఇవ్వాలి. ఎడిటింగ్‌కు ఇవ్వాలి. ఆల్బమ్ ప్రింటింగ్‌కు ల్యాబ్ వాళ్లు డబ్బు కట్టించుకుంటారు, మామగారి ఇంటి పెళ్లి కదా అని ఊరుకోరు. వైశాఖం అంటే నిండు సీజన్. ఆ మూడు రోజులకు మీవారు వేరే బుకింగ్ వదులుకుని ఉంటారు. ఆయన రోజుల్ని లెక్కలోకి తీసుకోకపోయినా, కుర్రాళ్ల కూలి ఎవరు ఇచ్చారు? మీవారే ఇచ్చుంటే, ఆల్బమ్ ఇంకా రాలేదని ఆయన్ని నిలదీసే హక్కు ఆ ఇంట్లో ఎవరికీ లేదు, మీకూ లేదు.

నా అనుమానం ఏమిటంటే, ఇదంతా 2020లో మొదలైంది. ఆ ఏడాది మార్చి ఆఖరున లాక్‌డౌన్ పెట్టారు, తర్వాత పెళ్లికి 50 మందిని మించి పిలవకూడదన్నారు. కొత్తగా స్టూడియో పెట్టిన మనిషి ఆ దెబ్బకు నిలదొక్కుకోవడమే గొప్ప. మీ నాన్నగారు ఆపద్ధర్మంగా లక్షన్నర ఇచ్చారు, మంచిపనే చేశారు. మీరు తీర్చేశారు. డబ్బు తీరింది గానీ, ఇచ్చిన చేయి తీసుకున్న చేయి అన్న తేడా ఆ ఇంట్లో అలాగే మిగిలిపోయినట్టుంది. ‘మనవాడే కదా, తీస్తాడులే’ అనే ధోరణి అక్కడి నుంచే వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం చూపించడం కూడా దానికి కొనసాగింపే. కూతురి సుఖం కోరే తండ్రిని నేను తప్పుపట్టను. కానీ అల్లుడు కాళ్ల మీద నిలబడ్డాక కూడా అతనికి దారి తనే చూపించాలనుకోవడం పెద్దరికం అనిపించుకోదు.

పోనీ లెక్కే చూద్దాం. 25 వేల జీతం అంటే ఏడాదికి 3 లక్షలు. మీవారికి ఖర్చులు పోను 7 లక్షలు మిగిలాయని మీరే రాశారు. నెలనెలా రాదు, నిజమే. పంట ఇంటికొచ్చినప్పుడే రైతు చేతిలో డబ్బు ఆడుతుంది, దాన్నే ఏడాది పొడుగునా సర్దుకుంటారు. గోదావరి జిల్లాలో పుట్టిన మీకు ఇది కొత్త కాకూడదు. సీజన్లో వచ్చినదాంట్లోంచి ఖాళీ నెలల ఖర్చు ముందే పక్కన పెట్టండి, ఆ ఖాతా మీరు చూసుకోండి. ఆల్బమ్ ఇచ్చేటప్పుడు బాకీ ఇస్తామని నెలల తరబడి తిప్పే పెళ్లివారు ఉంటారు. ఎవరి దగ్గర ఎంత రావాలో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. నెలరోజులు పుట్టింట్లో కూర్చుని చేసే ఆలోచనల కన్నా ఆ పుస్తకం మీ సంసారానికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆయన వైపు తప్పు లేదనడం లేదు. భార్యతో అబద్ధం ఆడటం తప్పు. మనసు కష్టపెట్టుకుంటే చెప్పాలి గానీ, నెలల తరబడి మూతి ముడుచుకుని స్టూడియోలో దాక్కుంటే ఎవరికి తెలుస్తుంది? ఈ ఉత్తరం ఆయన చదివితే, ఈ మాట ఆయనకే. పాపకు తండ్రి కావలసింది ఆషాఢంలో మాత్రమే కాదు. సీజన్లోనైనా వారానికి ఒకరోజు బుకింగ్ ఒప్పుకోకుండా ఉంచుకోవాలి. ఇక నన్ను నిజంగా భయపెట్టేది, పెళ్లికూతుళ్ల మెసేజ్‌లు కావు, రిసెప్షన్ అయ్యాక అర్ధరాత్రి హైవే మీద ప్రయాణం. తెల్లవారుజామున ముహూర్తం, రాత్రంతా నిద్ర లేదు, మళ్లీ స్టీరింగ్ పట్టుకోవడం. డ్రైవర్ని పెట్టుకోమనండి, ఆ ఖర్చు ప్యాకేజీలోనే వేసుకోమనండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకే 2 లక్షల ప్రమాద బీమా ఉంది, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. అదొక్కటే చాలదు, మంచి టర్మ్ జీవిత బీమా పాలసీ కూడా ఉండాలి. ఆయనతో పోట్లాడాలనుకుంటే వీటి కోసం పోట్లాడండి, నేను మీ పక్షాన ఉంటాను.

ఇప్పుడు చేయవలసింది. పుట్టింట్లో భర్త గౌరవం నిలబెట్టవలసింది భార్యేనని నేను గట్టిగా నమ్ముతాను. అత్తవారింట్లో మీ గౌరవం ఆయన కాపాడాలని మీరు కోరుకోరా? అలాగే ఇదీ. చెల్లెలి పెళ్లిలో మీరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. బహుశా తండ్రికి ఎదురు చెప్పడం ఇష్టంలేక, పెళ్లిపనుల హడావిడిలో. అర్థం చేసుకోగలను. కానీ ఇక ఊరుకోకూడదు.

మీవారిని వెంటబెట్టుకోకుండా, ఆయన చెప్పి చేయించినట్టు కాకుండా, మీ నాన్నగారితో మీరొక్కరే కూర్చుని మాట్లాడండి. చెల్లెలూ మరిదీ ఇంట్లో లేనప్పుడు మాట్లాడండి. క్షమాపణ అడగమని తండ్రిని కోరకండి, ఆ వయసులో ఆయనతో అది చెప్పించడం నాకూ ఇష్టం లేదు. పెళ్లిలో పనిచేసిన కుర్రాళ్లకు, ఆల్బమ్‌కు ఎంతయిందో కనుక్కుని ఆ డబ్బు నాన్నగారి చేత పంపించండి. మీ అమ్మగారి చేతుల మీదుగా పెద్దల్లుడికి బట్టలు పెట్టించండి. రేపు ఏ శుభకార్యమైనా ఆయన్ని ముందు అల్లుడిగా పిలవాలి, ఫొటోలకు వేరేవాళ్లను మాట్లాడుకోవాలి. ఆయనే సరదాపడి కెమెరా పట్టుకుంటే అది ఆయన ఇష్టం. ఈ మాటలు చెప్పేటప్పుడు ఏడవకండి. మీరు ఏడిస్తే మీ నాన్నగారికి మీ కన్నీళ్లే కనిపిస్తాయి, అల్లుడు కనిపించడు.

నాన్నగారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మర్నాడే పాపని తీసుకుని భీమవరం వెళ్లిపోండి. ఆ రోజు మీవారు ఏ పెళ్లి పని మీదో వెళ్లి ఉంటే తాళం తీసుకుని ఇంట్లో ఉండండి. వచ్చాక సంక్రాంతి అబద్ధం గురించి తగువు మొదలుపెట్టకండి. ‘ఆ రోజు మా ఇంట్లో మీరు అన్నం తినకుండా వెళ్లిపోతుంటే నేను ఆపలేదు’ అని ఒక్క మాట అనండి. తర్వాత ఆయన్నే మాట్లాడనివ్వండి. కోపంగా మాట్లాడినా వినండి.

ఏలూరు ఉద్యోగం అక్కర్లేదని ఆ స్నేహితుడికి మీరే ఫోన్ చేసి చెప్పండి. మీవారి చేత చెప్పించకండి.