డేంజరస్ డేవ్ గేమ్ నుంచి క్రికెట్ 07 దాకా అన్నీ ఆడాలంటే ఎన్ని కంప్యూటర్లు కావాలి?

ఒక్క సిస్టమ్ మీదే అన్ని కాలాల గేములూ ఆడొచ్చా అని అడిగారు కదండి, ఒక్కటి చాలదండి, అలాగని నాలుగు కూడా అక్కర్లేదు. భీమవరంలో మా ఇంట్లో రెండున్నాయి, వాటితోనే అన్నీ ఆడేస్తున్నా.

మొదటిది విండోస్ 98 ఎస్ఈ. 440బీఎక్స్ చిప్‌సెట్ (బోర్డు మీద భాగాలన్నిటినీ కలిపే చిప్పులు) ఉన్న మదర్‌బోర్డు, పెంటియం 3, ర్యామ్ 256 ఎంబీ చాలు, 512 దాటితే 98 పేచీ పెడుద్ది. బోర్డు మీద పాతకాలం కార్డులు గుచ్చే ఐఎస్ఏ స్లాట్, అదే పొడుగ్గా నల్లగా ఉంటది చూడండి, అది ఉంటేనే కొనండి, ఎందుకంటే అందులో సౌండ్ బ్లాస్టర్ 16 అనే సౌండ్ కార్డు గుచ్చితే డాస్ (విండోస్‌కి ముందు నాటి సిస్టమ్) గేముల్లో సౌండ్ సుబ్బరంగా వచ్చుద్ది, తర్వాత వచ్చిన పీసీఐ స్లాట్ కార్డులతో అయితే డాస్‌లో నానా తిప్పలు. 1990 నాటి వింగ్ కమాండర్ లాంటి గేములు ఫాస్ట్ ప్రాసెసర్ మీద పరిగెత్తేస్తాయి, అప్పుడు బయోస్‌లో (ఆన్ చెయ్యగానే తెరుచుకునే సెట్టింగ్స్‌లో) క్యాష్, అంటే ప్రాసెసర్ వాడుకునే ఫాస్ట్ మెమరీ, ఆపేస్తే సిస్టమ్ దాదాపు పాత 386 ప్రాసెసర్ స్పీడుకి దిగిపోద్ది. గ్లైడ్ (ఊడూ కార్డుల సొంత గ్రాఫిక్స్ పద్ధతి) గేములకి ఊడూ 3 గ్రాఫిక్స్ కార్డు దొరికితే వదలొద్దు, 1998 నాటి అన్‌రియల్ గేమ్ దాని మీద చూడాలండి అసలు!

రెండోది ఎక్స్‌పీ, కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, ఏదో ఒక జీఫోర్స్ గ్రాఫిక్స్ కార్డు. వైస్ సిటీ, మోస్ట్ వాంటెడ్, క్రికెట్ 07 అన్నీ దీని మీదే.

అసలు సంగతి మన గోదారి జిల్లాల చెమ్మ అండి. వానాకాలంలో మూలన పడేస్తే స్లాట్ పిన్నులు పచ్చబడిపోతాయి, అందుకే వారానికోసారి అరగంట ఆన్ చేసి ఉంచండి, కార్డుల బంగారు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. 486 (పెంటియంకి ముందు నాటి ప్రాసెసర్) బోర్డు ఎవరైనా ఇస్తే ముందు దాని మీద నీలం రంగు పీపా లాంటి బ్యాటరీ చూడండి, అది కారితే చుట్టూ రాగి గీతలన్నీ తినేసుద్ది, వెంటనే కత్తిరించి తీసెయ్యాలి. 2000 తర్వాత బోర్డుల్లో అయితే కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో చూసుకోండి, ఉబ్బినా పర్లేదు, టీవీ రిపేరు చేసేవాళ్ళు మార్చేస్తారు. పాత ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) మాత్రం వాడొద్దు, రాత్రిపూట ఓల్టేజీ ఎగిరిపడే ఊళ్ళలో అసలొద్దు.

సామాను కోసం మూసేసిన డీటీపీ సెంటర్లలో అడగండి, పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ కోసం 98 సిస్టమ్‌లు చాన్నాళ్ళు దాచుకున్నారు వాళ్ళు. బోర్డు దొరికితే కొనేముందు బ్యాటరీ దగ్గర ఫొటో తీసి పెట్టండి, చూసి చెప్తా.