మే నెలలో ఫుల్ చేతుల చొక్కా

ప్రశ్న: మా చర్చి సంఘం తరఫున మే నెలలో ఐదు రోజుల పిల్లల క్యాంపు పెడుతున్నాం. అరవై మంది దాకా వస్తారు, రాత్రిళ్ళు కూడా అక్కడే పడుకుంటారు. ఒకరికి అంటుజబ్బు వస్తే మిగతావాళ్ళకు పాకకుండా ఏం చెయ్యాలి?

జవాబు:

మాది ప్రొద్దుటూరు. ఏ.ఎన్.ఎం.గా చేసి రిటైరయ్యాను. మా చుట్టుపక్కల సంఘాల క్యాంపులకు పదేళ్ళకు పైగా మందుల డబ్బా పట్టుకుని తిరిగేది నేనే. శానిటైజరు ఎన్ని సీసాలు కొనాలంటే చెప్పగలను గానీ, ముందు నేనే మిమ్మల్ని ఒకటి అడుగుతాను. పిల్లవాడికి ఒళ్ళు బాగాలేదని తల్లి ముందురోజు ఫోన్ చేస్తే, కట్టిన ఫీజు వాపసు ఇస్తారా? ఇవ్వకపోతే మీరు తీసుకునే జాగ్రత్తలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

కొన్నేళ్ళ కిందట జమ్మలమడుగు దగ్గర ఒక బడి ఆవరణలో క్యాంపు జరిగింది. మే చివరి వారం. గేటు దగ్గర పిల్లలు చాపలు, దిండ్లు, బిందెలంత వాటర్ బాటిళ్ళు మోసుకుని దిగుతున్నారు. వాళ్ళలో ఎనిమిదేళ్ళ పిల్లోడొకడు ఫుల్ చేతుల చొక్కా, గొంతు దాకా గుండీలు పెట్టుకుని వచ్చాడు. కడప జిల్లా మే నెల ఎండ తెలిసినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. అనుమానం రాలేదా అంటే వచ్చింది. కొత్త చొక్కా కదా, చూపించుకుంటున్నాడులే అని సరిపెట్టుకున్నా. తప్పు నాదే.

సాయంత్రం అందరూ ఎగిరెగిరి పాటలు పాడుతుంటే వాడు కూర్చునే ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. పక్కనున్న వాలంటీరు "వడ కొట్టింటాదిలేక్కా, మజ్జిగ తాపిద్దాం" అన్నాడు. మా వైపు ఇదొక జాడ్యం. మే నెలలో ఏ జ్వరమొచ్చినా వడదెబ్బ ఖాతాలో రాసేస్తారు. థర్మామీటరు పెడితే 101. చొక్కా విప్పమంటే విప్పడు. "మాయమ్మ విప్పొద్దనింది" అంటాడు. బతిమాలి పై గుండీ తీస్తే మెడ కింద పిండి చల్లినట్టు పౌడరు. తడిగుడ్డతో మెల్లగా అద్దితే కింద పొక్కులు. కొన్ని అప్పుడే ఎర్రగా లేస్తున్నాయి, కొన్ని నీళ్ళు నిండి మెరుస్తున్నాయి, రెండు మూడు ఎండి పక్కు కడుతున్నాయి. మూడు రకాలూ ఒకేచోట కనబడితే అది ఆటలమ్మే.

తల్లికి ఫోన్ చేశా. అరిచాను కూడా, దాచుకోను. ఆమె ఒక బట్టలంగట్లో పనిచేస్తుంది. "ఐదొందలు కట్టినాం కదక్కా, యాడికి పోతాయోనని పంపిస్తి. ఈ ఐదు దినాలు వాడు ఆడుంటే నేను పనికి పోవచ్చనుకుంటి" అంది. వాళ్ళ పాపకు అంతకుముందే వచ్చి తగ్గిందట. అంటే ఆమెకు అంతా తెలుసు. తెలిసే పౌడరు పూసింది. ఐదొందలు ఆమెకు రెండు రోజుల కూలి. నాకింక అరవబుద్ధి కాలేదు.

ఆ రాత్రికి వాణ్ణి పాస్టరు అయ్యగారి ఆఫీసు గదిలో పడుకోబెట్టాం. తలుపు వేసి, బయటివైపు కిటికీలు తీసిపెట్టాం. ఆటలమ్మ గాలిలోనూ పాకుతుంది. హాలు మూలన దుప్పటి అడ్డం కట్టి వేరుగా పెట్టామంటే కుదరదు. కాపలాకు వాచ్‌మన్ భార్యను పిలిచా. ఆమె చెంపల మీద చిన్నప్పటి గుంతలున్నాయి. ఒకసారి వచ్చిపోయినవాళ్ళకు మళ్ళీ రావడం అరుదు, అందుకని. టీచర్లలో ఒకమ్మాయికి ఐదో నెల. చిన్నప్పుడు వచ్చిందో లేదో గుర్తులేదంది. గుర్తులేదంటే రాలేదనే లెక్క కట్టి ఆ రాత్రికి రాత్రే ఇంటికి పంపి, పొద్దున్నే డాక్టరుకు చూపించుకోమన్నా. కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ జబ్బు మంచిది కాదు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. ఆటలమ్మలో పిల్లలకు ఆస్పిరిన్ పొరపాటున కూడా ఇవ్వకూడదు. మెదడుకు, లివరుకు ముప్పు.

మర్నాడు పొద్దున పాఠం ఏమిటో తెలుసా? పదిమంది కుష్ఠురోగులు దూరాన నిలబడి కేకలేసే బైబిలు కథ. మైకు ఊరంతా వినబడేటట్టు పెట్టారు. (ఆ మైకు సంగతి కూడా చెప్పాలి. అరవై మంది నోటికి ఆనించుకుని వాక్యం చెబుతారు, ఒక్కరూ తుడవరు.) టిఫిన్ తీసుకుని నేను పోయేసరికి వాడు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అక్కా, నాకు కుష్ఠు వచ్చిందా?" అన్నాడు.

ముందు రాత్రి నుంచీ గడప దగ్గర ప్లేటు పెట్టి పోతున్నారు గానీ, వాడికేమైందో వాడికి చెప్పినవాళ్ళు లేరు. నేనూ చెప్పలేదు. లోపలికి పోయి కూర్చుని నా కనుబొమ్మ పైన గుంత చూపించా. "ఇదో, నీ వయసులో నాకూ వచ్చింది." వేలు పెట్టి తడిమి చూశాడు. "గుంత ఎందుకు పడింది?" "గోక్కున్నా కాబట్టి." అంతే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత పాటలు మొదలైతే చేతులు బయటికి తీసి కిటికీ దగ్గర్నుంచే యాక్షన్లన్నీ చేశాడు.

మధ్యాహ్నానికి తల్లి వచ్చింది. బస్సు వద్దని ఆటో మాట్లాడాం. వెళ్ళే ముందు ఆమె ఫీజు సంగతి ఎత్తింది. కమిటీ పెద్దాయన "దేవుని సొమ్ము వాపసు ఎట్లిస్తామమ్మా" అన్నాడు. నాకు చిర్రెత్తింది. "అయ్యా, బైబిల్లో మోషే అక్క మిర్యాము కుష్ఠొచ్చి ఏడు దినాలు పాళెం బయట ఉంటే, ఆమె తిరిగొచ్చేదాకా జనం ముందుకు కదల్లేదు. మీరు ఐదొందలు కదల్చలేరా?" అన్నా. గమ్మునుండిపోయాడు, డబ్బు మాత్రం తియ్యలేదు. నా సంచీలోంచి ఇచ్చా.

అసలు తమాషా తర్వాత. క్యాంపు అయిన ఆదివారం "ఒక్క బిడ్డకూ అంటలేదు, దేవుని కృప" అని చర్చిలో సాక్ష్యం చెప్పేశారు. ఆటలమ్మ అంటుకున్నాక బయటపడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. పొక్కులు రాకముందే, ఒకటి రెండు రోజుల నుంచే ఆ పిల్లవాడు ఇతరులకు అంటిస్తుంటాడు కూడా. జూన్‌లో సరిగ్గా బళ్ళు తెరిచే వారం నా ఫోన్ మోగడం మొదలైంది. 62 మందిలో ఐదుగురికి వచ్చింది. సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నవాళ్ళు మాత్రం లేరు.

మరుసటి ఏడు నేను పట్టుబట్టి పాంప్లెట్ మీద వేయించా: జబ్బని ముందే చెబితే ఫీజు మొత్తం వాపసు, వచ్చే ఏటికి సీటు ఖాయం. నలుగురు తల్లులు ఫోన్ చేశారు. ఒక గవదబిళ్ళలు, రెండు కండ్లకలకలు, ఒకటి ఉత్త జ్వరం. రెండు వేలు వాపసు పోయింది. ఆ క్యాంపులో నా డబ్బాలో ఖర్చయింది దెబ్బలకు పూసే ఆయింట్‌మెంటు మాత్రమే. ఇదేం రుజువు అంటారేమో, నాకిది చాలు.

మిగతావి మీకు ఎవరైనా చెబుతారు. గేటు దగ్గరే జ్వరం, ఒళ్ళు, కళ్ళు చూడండి. వాంతులు, విరేచనాలు మొదలైతే శానిటైజరును నమ్ముకోకండి, ఆ వైరస్‌లలో కొన్నింటికి అది సరిగ్గా పనిచేయదు, సబ్బు, పారే నీళ్ళు కావాలి. వంటవాళ్ళకే పట్టుకుంటే, తగ్గాక కూడా రెండు రోజులు పొయ్యి దగ్గరికి రానివ్వకండి. నీళ్ళ డ్రమ్ముకు గొలుసుతో కట్టిన గ్లాసు ఉంటే మొదట దాన్ని పీకెయ్యండి. ఓ.ఆర్.ఎస్. అంటే లీటరు నీళ్ళలో కలిపే పొడి ప్యాకెట్టు, అట్టపెట్టెలో వచ్చే తియ్యటి రసం కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే గానీ 2025 అక్టోబరులో ఆ డబ్బాల మీద ఆ పేరు వాడకూడదన్న ఆర్డరు రాలేదు. ఆటలమ్మ టీకా ఉంది గానీ సర్కారు ఉచితంగా వేసే టీకాల్లో లేదు, ప్రైవేటులో రెండు డోసులకు బాగానే అవుతుంది. అందుకే ఈ జబ్బు ఎక్కువగా ఆ పిల్లోడి తల్లిలాంటివాళ్ళ పిల్లలకే వస్తుందని నా గట్టి నమ్మకం.

వేపాకు సంగతి కూడా అడుగుతారు కొందరు. మా క్రైస్తవుల ఇళ్ళల్లో నోటితో "అమ్మవారు" అనరు, దిండు కింద మాత్రం వేపమండ ఉంటుంది. ఉండనివ్వండి, పిల్లవాణ్ణి బయటికి పంపకుండా ఇంట్లో ఉంచుతారు కదా, నాకదే కావాలి.

మీ ఫీజు ఎంతో రాయలేదు మీరు. పాంప్లెట్ ఇంకా ప్రింటుకు పోకపోతే, ఆ వాపసు లైను వేయించి నాకు ఫోటో పెట్టండి.