ఫోన్ పోయిందా, ఎవరైనా కొట్టేశారా?

ప్రశ్న: మాది గుంటూరు. మా ఆయన మిర్చి యార్డులో గుమాస్తా. అమ్మాయి ఇంటర్ హెచ్‌ఈసీ రెండో సంవత్సరం. క్రిమినాలజీ చదువుతానని పట్టుబట్టింది. నేరాలు తగ్గాయని పోలీసులు అంటారు, పేపర్ తిప్పితే రోజూ దొంగతనాలే, ఇంతకీ ఈ లెక్క ఎవరు ఎలా వేస్తారో తేల్చాలట. అసలు అదేం చదువు? ఉద్యోగం వస్తుందా? ఆడపిల్ల స్టేషన్ల చుట్టూ తిరగాల్సి వస్తుందేమోనని మా ఆయనకు ఒకటే టెన్షన్.

జవాబు: అమ్మా, ముందు మీవారి టెన్షన్ సంగతి. ఈ చదువులో స్టేషన్ల చుట్టూ తిరిగేదానికన్నా కాగితాలు తిరగేసేదే ఎక్కువ. కాస్త స్థిమితపడమనండి.

క్రిమినాలజీ అంటూ నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది వెబ్ సిరీస్‌లు చూసి వస్తారు. వేలిముద్రలు, రక్తపు మరకలు, డీఎన్‌ఏ అంటారు. అది ఫోరెన్సిక్ సైన్స్. దానికి సైన్స్ గ్రూపు కావాలి కాబట్టి మీ అమ్మాయికి ఆ దారి లేదు. క్రిమినాలజీ వేరు. నేరం ఎందుకు జరుగుతుంది, ఎవరి మీద జరుగుతుంది, ఆ తర్వాత పోలీసు, కోర్టు, జైలు దాన్ని ఏం చేస్తాయి, ఇదీ దాని పని. మీ అమ్మాయి అడిగింది సరిగ్గా ఇందులోని మొదటి పాఠం.

దానికి పోలిక మీ ఇంట్లోనే ఉంది. యార్డుకు ఇవాళ ఇన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయని పేపర్లో వేస్తారు. అదే పండిన మిర్చి మొత్తం అని మీవారు అనుకోరు కదా. కల్లంలో ఎండుతున్నదీ, కోల్డ్ స్టోరేజీలో ఉన్నదీ అందులో కలవదు. గేటు దాటి వచ్చిన సరుకే లెక్క. నేరాల విషయంలో ఆ గేటు పేరు ఎఫ్‌ఐఆర్, అంటే ఫిర్యాదు అందగానే పోలీసులు కేసు కట్టి రాసే మొదటి కాగితం. ‘క్రైమ్ ఇన్ ఇండియా’ అనే నివేదిక 1953 నుంచి వస్తోంది. 1986లో పెట్టిన జాతీయ నేర రికార్డుల బ్యూరో ఇప్పుడు దాన్ని వేస్తుంది. అందులో ఉండేవి స్టేషన్లలో నమోదైన కేసులే, జరిగిన నేరాలన్నీ కాదు.

కొన్నేళ్ల కిందట విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కే తోపులాటలో నా జేబులోంచి ఫోన్ మాయమైంది. స్టేషన్‌కు వెళ్లాను. ఏ స్టేషనో ఎందుకులెండి. అక్కడ రాతపని చూసే రైటర్ గారు తెల్లకాగితం ఇచ్చి, “ఫోన్ పోయింది అని రాసెయ్యండి సార్, త్వరగా అయిపోద్ది” అన్నారు. రాసిచ్చి వచ్చేశాను. మన తెలుగులో జారిపడినా పోయిందే, ఎవడో కొట్టేసినా పోయిందే. కాగితం మీద మాత్రం రెండూ ఒకటి కావు. దొంగిలించారని రాస్తే కేసు కట్టాలి, దానికో నెంబరు పడాలి. పోయిందంటే వస్తువు పోగొట్టుకున్నట్టు, అంతే. ఆ రోజు బస్టాండులో దొంగతనం జరిగింది, రికార్డులో జరగలేదు. కాగ్నిజబుల్ నేరం, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం అని తెలిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాల్సిందేనని 2013లోనే లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది తెలిసి కూడా నేను గట్టిగా అడగలేదు. తర్వాతి బస్సు అందదని నా తొందర నాది.

కాబట్టి కేసులు తగ్గాయంటే నేరాలు తగ్గి ఉండొచ్చు, లేదా ‘పోయింది’ కాగితాలు పెరిగి ఉండొచ్చు. కేసులు పెరిగాయంటే జనం ధైర్యంగా స్టేషన్‌కు వస్తున్నారేమో కూడా. కేసులు పెరగడం, నేరాలు పెరగడం రెండూ ఒకటి కాదని ఆ బ్యూరో తన నివేదికల్లోనే రాసుకుంది. మీ అమ్మాయి దృష్టిలో పోలీసులూ పేపరూ పోట్లాడుకుంటున్నాయి, నిజానికి ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చు.

ఇంకో మెలిక ఉంది. ఇంట్లో దూరి, నగలు ఎత్తుకెళ్లి, అడ్డొచ్చిన మనిషిని చంపారనుకోండి. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో మూడు నేరాలున్నా లెక్కకు ఎక్కేది అన్నిటికన్నా పెద్దదైన హత్య ఒక్కటే. శిక్షల శాతం కూడా ఇలాంటిదే. వంద కేసుల్లో విచారణ పూర్తయినవి పదే ఉండి, ఐదింట్లో శిక్ష పడితే, పేపర్లో ‘50 శాతం’ అని వస్తుంది. మిగతా తొంభై ఇంకా వాయిదాల్లోనే ఉంటాయి. జైలు లెక్క చూసినా అంతే. 2022 చివరికి మన జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు 76 శాతం విచారణ ఖైదీలు, అంటే ఇంకా తీర్పు రానివాళ్లు.

గేటు దాటని సరుకును లెక్కపెట్టాలంటే ఇళ్లకు వెళ్లి జనాన్నే అడగాలి. అమెరికాలో 1973 నుంచి ఏటా అలా అడుగుతున్నారు. మన దగ్గర ఏటా జరిగే అలాంటి సర్వే లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం ఆడవాళ్లను ఇంట్లో హింస గురించి అడుగుతారు. 2019-21 సర్వేలో, హింసకు గురైన ఆడవాళ్లలో ఎవరి దగ్గరికైనా సాయానికి వెళ్లినవాళ్లు 14 శాతమే అని తేలింది. ఆ సాయం కూడా ఎక్కువగా పుట్టింటివాళ్లదే. స్టేషన్ గుమ్మం దాకా వచ్చేది ఎంతమందో మీరే ఊహించుకోండి.

ఇక ఉద్యోగం. ‘క్రిమినాలజిస్టు కావలెను’ అనే ప్రకటన మీకు పేపర్లో కనిపించదు. అందుకే నా ఓటు ఐదేళ్ల లా కోర్సుకు. రాష్ట్రంలోని లా కాలేజీలకు ఏపీ లాసెట్ రాయొచ్చు, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో మంచి ర్యాంకు వస్తే విశాఖలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ తర్వాత క్రిమినాలజీలో పీజీ చేసుకోవచ్చు. మద్రాస్ విశ్వవిద్యాలయం, తిరునల్వేలిలోని మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయం దీనికి పేరున్నవి. నల్లకోటు చేతిలో ఉంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షల దారి కూడా తెరిచి ఉంటుంది. పైగా 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్య 302 కాదు, 103. మోసం 420 కాదు, 318. (ఫోర్‌ట్వంటీ అనే తిట్టు మాత్రం ఇంకా పాత సెక్షన్ మీదే నడుస్తోంది.) ఈ తరం పిల్లలు మొదటి నుంచే కొత్తది నేర్చుకుంటారు, అది వాళ్లకు కలిసొస్తుంది.

ఒక్క సంగతి అమ్మాయిని సూటిగా అడగండి. లెక్కలంటే భయపడి హెచ్‌ఈసీ తీసుకుందా? అలాగైతే ఇబ్బంది. శాతాలు, సగటులు, లక్ష జనాభాకు ఎన్ని కేసులు, ఇవన్నీ ఇక్కడ రోజూ ఉంటాయి.

పరీక్షలు అయ్యాక ఒక పని పెట్టండి. నెల రోజులు గుంటూరు ఎడిషన్‌లో వచ్చే నేర వార్తలన్నీ తేదీ వేసి నోటుబుక్కులో రాయమనండి. సుప్రీంకోర్టు 2016లో చెప్పినప్పటి నుంచి, సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. అక్కడ వెతికి ఏ వార్తకు కేసు ఉంది, ఏ సెక్షన్ పెట్టారు అనేది పక్కనే రాసుకోవాలి. ఒక పూట మీవారిని వెంటబెట్టుకుని జిల్లా కోర్టుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చోమనండి. మామూలుగా కోర్టు విచారణ ఎవరైనా చూడొచ్చు. నెల తిరిగేసరికి నోటుబుక్కు నిండితే దాన్ని పట్టుకుని విజయవాడ రండి, కాలేజీలు ఎంచుకుందాం. నాలుగో రోజుకే మూలన పడితే ఆ సంగతీ దాచకుండా రాయండి, వేరే కోర్సు చూద్దాం.